నిరుద్యోగ రేటు తగ్గితే ఎవరికి పని దొరికినట్టు?
శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ ఒక పరిశీలన

దేశంలో నిరుద్యోగం తగ్గిందని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. 15 ఏళ్లు పైబడిన వాళ్లలో 2017-18లో 6 శాతం ఉన్న నిరుద్యోగ రేటు 2023-24 నాటికి 3.2 శాతానికి దిగింది. అంటే దాదాపు సగానికి సగం. ఈ మాట వినగానే మన వాడల్లో డిగ్రీలు చదివి ఖాళీగా తిరుగుతున్న పిల్లలు నవ్వుతారు. ‘అంతా దొంగ లెక్క’ అని కొట్టిపారేస్తారు. సభల్లో మన కార్యకర్తలు కూడా అదే అంటారు, చప్పట్లు పడతాయి.

దొంగ లెక్క అనడం తేలిక. కాని అట్లా అనడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు. ఆ అంకె ఏదో ఒకదాన్ని కొలుస్తోంది. అది దేన్ని కొలుస్తోంది, దేన్ని వదిలేస్తోంది అనేది తెలుసుకుంటేనే మనం ఎదురు ప్రశ్న వెయ్యగలం. అంకెలను పాలకవర్గాలకు వదిలేసి నినాదాలను మనం పంచుకుంటే వాదనలో ప్రతిసారీ ఓడిపోయేది మనమే. అందుకే ఈ వ్యాసంలో ముందు లెక్క కట్టే పద్ధతిని విప్పి చూద్దాం. తర్వాత దాన్ని శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ ఉన్న పల్లెలకు అన్వయించి చూద్దాం. ‘ఇక్కడికి విమానాశ్రయం వస్తే వేల ఉద్యోగాలు వస్తాయి’ అని చెప్పి భూములు తీసుకున్న చోటు గదా అది!

లెక్క ఎట్లా కడతారు

ఉపాధి, నిరుద్యోగాల మీద మన దేశంలో పెద్ద సర్వేలు చేసింది నేషనల్ శాంపుల్ సర్వే సంస్థ. అంతకుముందు పాశ్చాత్య దేశాల కొలబద్దనే ఇక్కడా వాడేవాళ్లు. మన పల్లెల్లో ఏడాది పొడుగునా ఒకే యజమాని దగ్గర, ఒకే జీతానికి పనిచేసే వాళ్లు తక్కువ కాబట్టి ఆ కొలబద్ద కుదరదని దంత్వాలా కమిటీ 1970లో చెప్పింది. ఆ సూచనల మీదనే 1972-73 నుంచి అయిదేళ్లకు ఒకసారి పెద్ద సర్వేలు జరుగుతూ వచ్చాయి. 2011-12 తర్వాత ఆ వరుస ఆగిపోయింది. దాని స్థానంలో 2017-18 నుంచి ఏటా పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే వస్తోంది. 2025 నుంచి దీని అంకెలు నెలనెలా కూడా ఇస్తున్నారు.

ఈ సర్వే జనాన్ని మూడు భాగాలు చేస్తుంది. పని చేస్తున్న వాళ్లు ఒకటి. పని లేక, పని కోసం వెతుకుతున్న లేదా పనికి సిద్ధంగా ఉన్న వాళ్లు రెండు. ఈ రెండూ కాని వాళ్లు మూడు; చదువుకునే పిల్లలు, ఇంటి పని మాత్రమే చేసే ఆడవాళ్లు, ముసలివాళ్లు ఇందులోకి వస్తారు. మొదటి రెండు భాగాలు కలిపితే శ్రామికశక్తి. మూడో భాగం శ్రామికశక్తి బయట.

నిరుద్యోగ రేటు అంటే మొత్తం జనాభాలో పని లేని వాళ్ల శాతం కాదు. శ్రామికశక్తిలో పని లేని వాళ్ల శాతం. ఈ తేడాను మన ఉపన్యాసకులు చాలామంది పట్టించుకోరు. కాని కిటుకంతా ఇక్కడే ఉంది. వెతికి వెతికి విసిగిపోయి ఒక పిల్లగాడు వెతకడం మానేశాడు, పనికి సిద్ధంగా ఉన్నానని కూడా చెప్పడం లేదనుకోండి, వాడు నిరుద్యోగుల్లోంచి పోయి మూడో భాగంలో పడతాడు. వాడికి పని దొరకలేదు, నిరుద్యోగ రేటు మాత్రం తగ్గింది.

మరి ‘పని’ అంటే ఏమిటి? ఇక్కడ రెండు కొలతలున్నాయి. ఒకటి సాధారణ స్థితి. గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశాడో చూస్తారు. ఎక్కువ కాలం పని లేకపోయినా, ఏడాదిలో 30 రోజులు ఏదో ఒక పని చేసినా సరే, ఉపాధి ఉన్నవాళ్ల కింద కలుపుతారు. రెండోది వారపు స్థితి. గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక్క గంట పని చేస్తే చాలు, ఆ వారం అతను పనిలో ఉన్నట్టే. 3.2 శాతం అన్నది సాధారణ స్థితి లెక్క. నెలనెలా వచ్చేది వారపు లెక్క. 2025 మేలో విడుదలైన మొట్టమొదటి నెలవారీ లెక్క ప్రకారం ఆ ఏడాది ఏప్రిల్లో నిరుద్యోగ రేటు 5.1 శాతం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘పెరిగింది’ అనడమూ తప్పే, ‘తగ్గింది’ అనడమూ తప్పే. గజాలతో కొలిచిన దాన్ని మీటర్లతో పోల్చినట్టు ఉంటుంది.

ఒక ఇంటి లెక్క

ఇదంతా పుస్తకాల మాటలాగా ఉంటుంది కాబట్టి ఒక ఇంటిని ఊహించుకుందాం. విమానాశ్రయానికి రెండు మూడు మైళ్ల దూరంలో ఒక మాదిగవాడ. ఇంట్లో పెద్దవాళ్లు ఆరుగురు. తండ్రి ఒకప్పుడు వ్యవసాయ కూలీ, ఇప్పుడు ఒక వెంచర్ దగ్గర వాచ్‌మన్. తల్లి కాంట్రాక్టర్ కింద హౌస్‌కీపింగ్ పని. పెద్ద కొడుకు కారు అద్దెకు తీసుకుని ఎయిర్‌పోర్టు కిరాయిలు కొడతాడు. కోడలు ఇంటి ముందర చిన్న కిరాణా డబ్బాలో కూర్చుంటుంది, ఆమెకు వేరే జీతమేమీ లేదు. చిన్న కొడుకు బీకాం పూర్తి చేసి గ్రూప్స్‌కు తయారవుతూ పని కోసం చూస్తున్నాడు. ఆరో మనిషి నాయనమ్మ.

శ్రామికశక్తి అయిదుగురు. పనిలో ఉన్నది నలుగురు. నిరుద్యోగి ఒకడు. నిరుద్యోగ రేటు అయిదింట ఒకటి, అంటే 20 శాతం.

ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరి బతుకూ మారకుండానే అంకెలు ఎట్లా మారతాయో చూడండి. పెళ్లిళ్ల సీజన్లో చిన్న కొడుకు శంషాబాద్ ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ పనికి పోయాడు. ఏడాది మొత్తం మీద అట్లా 30 రోజులైంది. సాధారణ స్థితి లెక్కలో వాడు ఇప్పుడు ఉపాధి ఉన్నవాడు. ఆ ఇంటి నిరుద్యోగ రేటు సున్నా. లేదా, నోటిఫికేషన్లు రాక, వచ్చినవి రద్దవుతూ ఉంటే విసుగెత్తి పని వెతకడం మానేసి, పనికి సిద్ధమని కూడా చెప్పకుండా ఇంటి పట్టున కూర్చున్నాడు. అప్పుడు శ్రామికశక్తి నలుగురే, పనిలో ఉన్నదీ నలుగురే. మళ్లీ సున్నా. లేదా, చేసేది లేక ఇంకో కోర్సులో చేరి విద్యార్థిగా పేరు రాయించుకున్నాడు. అప్పుడూ సున్నానే.

కోడలి సంగతి కూడా చూడండి. వచ్చిన ఉద్యోగి ‘మీరేం చేస్తరమ్మా’ అంటే ‘ఇంట్లనే ఉంటా’ అని ఆమె చెబితే శ్రామికశక్తి బయట. ‘డబ్బా చూసుకుంటది’ అని మామ చెబితే ఆమె ‘కుటుంబ వ్యాపారంలో సహాయకురాలు’. జీతం రూపాయి లేకపోయినా పనిలో ఉన్నట్టే. ఆమె చేసేది పని కాదని నేను అనడం లేదు. పనే. కాని ఆమెను లెక్కలోకి తెచ్చి ‘మహిళలకు ఉపాధి పెరిగింది’ అని చెప్పేటప్పుడు, ఆమె చేతికి ఒక్క రూపాయి కూడా రాలేదన్న మాట కూడా చెప్పాలి గదా!

తగ్గుదల లోపల ఏముంది

ఇప్పుడు దేశం లెక్కకు వద్దాం. 2017-18 నుంచి 2023-24 వరకు 15 ఏళ్లు దాటిన వాళ్లలో శ్రామికశక్తి భాగస్వామ్యం 49.8 శాతం నుంచి 60.1 శాతానికి పెరిగింది. ఆడవాళ్లలో అయితే 23.3 శాతం నుంచి 41.7 శాతానికి ఎగబాకింది. ఆరేడేళ్లలో ఇంత పెరుగుదల చిన్న విషయం కాదు. మరి ఈ వచ్చినవాళ్లంతా ఏ పనుల్లో చేరారు?

ఇదే సర్వే జవాబు చెబుతోంది. పనిలో ఉన్నవాళ్లలో నెల జీతగాళ్ల వాటా 22.8 శాతం నుంచి 21.7 శాతానికి తగ్గింది. దినకూలీల వాటా 24.9 నుంచి 19.8కి తగ్గింది. పెరిగింది స్వయం ఉపాధి ఒక్కటే, 52.2 నుంచి 58.4కి. ఈ స్వయం ఉపాధిని కూడా విప్పి చూస్తే, సొంతంగా పని పెట్టుకున్నవాళ్ల వాటా దాదాపు ఉన్నచోటనే ఉంది. జీతం లేని కుటుంబ సహాయకుల వాటా 13.6 నుంచి 19.4 శాతానికి పోయింది. అంటే స్వయం ఉపాధిలో వచ్చిన పెరుగుదల దాదాపు మొత్తం మన కథలోని కోడలిదే.

కరోనా ఏడాది దీనికి మంచి రుజువు. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశీయ విమానాలన్నీ ఆగిపోయాయి. ఆ ఏప్రిల్-జూన్‌లో పట్టణాల్లో వారపు నిరుద్యోగ రేటు దాదాపు 21 శాతానికి చేరింది. అయితే 2020 జూలై నుంచి 2021 జూన్ వరకు తీసిన సాధారణ స్థితి లెక్కలో నిరుద్యోగ రేటు 4.2 శాతం. అంతకుముందు ఏడాది అది 4.8. ఫ్యాక్టరీలు, హోటళ్లు, విమానాలు దెబ్బతిన్న కాలంలో నిరుద్యోగం తగ్గిందా? తగ్గింది, లెక్క ప్రకారం. ఎందుకంటే పట్నంలో పని పోయినవాళ్లు ఊళ్లకు పోయి పొలాల మీద పడ్డారు. వ్యవసాయంలో ఉన్నవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం ఉంటే 2020-21కి 46.5 శాతమైంది. 2023-24లో కూడా 46.1 దగ్గరే ఉంది. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదన్న మాట. దశాబ్దాలుగా వ్యవసాయం నుంచి జనం బయటికి వస్తున్న దేశంలో ఇది వెనకడుగు.

పేదవాడికి నిరుద్యోగం చేతకాదు

1970ల చివరి నుంచి 2011-12 దాకా సాధారణ స్థితి నిరుద్యోగ రేటు సుమారు 2, 3 శాతం మధ్యనే తిరిగింది. ప్రపంచంలో ధనిక దేశాల కంటే కూడా తక్కువ! ఇంత పేద దేశంలో అంత తక్కువ నిరుద్యోగం ఎట్లా సాధ్యం? జవాబు సులువు. నిరుద్యోగిగా ఉండాలంటే కొన్నాళ్లు కూర్చుని తినే స్తోమత ఉండాలి. భూమి లేనోడు, దాచుకున్న సొమ్ము లేనోడు ఏ పని దొరికితే ఆ పని చెయ్యాల్సిందే. కాబట్టి వాడు ఎప్పుడూ ‘ఉపాధి’లోనే ఉంటాడు. ఆదివాసుల నిరుద్యోగ రేటు మిగతా వాళ్లకంటే తక్కువగా కనిపించేది అందుకే. అది సుఖం వల్ల వచ్చింది కాదు.

చదువును బట్టి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి అధ్యయన సంస్థ కలిసి 2024లో ఒక నివేదిక తెచ్చాయి. 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం ఉంటే, డిగ్రీ చదివిన యువతలో 29.1 శాతం ఉందని అది చెప్పింది. మన తాతలు ఎప్పుడూ నిరుద్యోగులు కాలేదు. వెట్టి చేశారు, జీతం ఉన్నారు, కూలికి పోయారు. నిరుద్యోగి అన్న హోదా మన కుటుంబాల్లోకి వచ్చింది మొదటితరం చదువుతోనే. కులం చెప్పిన పనిని కాదని, చదువుకు తగ్గ పని అడిగినవాడినే ఈ దేశం నిరుద్యోగి అంటోంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ సంగతిని 1936లోనే పట్టుకున్నారు. ‘కుల నిర్మూలన’లో ఆయన నిరుద్యోగానికి కులం ఒక ప్రత్యక్ష కారణం అని వాదించారు. పరిశ్రమలు మారుతూ ఉంటాయి, మనిషి ఒక పని వదిలి ఇంకో పనికి పోగలగాలి, కులం ఆ దారి మూసేస్తుంది అన్నది ఆయన తర్కం. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరాని కులాల వాళ్లను నేత విభాగంలోకి రానివ్వకపోవడాన్ని 1928 సమ్మె కాలంలో ఆయన కార్మిక నాయకుల ముందు నిలదీశారు. మిల్లు ఒకటే, లోపల గోడలు వేరు. ఈ మాట గుర్తు పెట్టుకుని శంషాబాద్‌కు వద్దాం.

భూమి పోయింది, కూలీ పోయింది

శంషాబాద్, మహేశ్వరం, రాజేంద్రనగర్ ప్రాంతం ఒకప్పుడు ద్రాక్ష తోటలకు, కూరగాయలకు పేరు. 1990ల చివర్లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి ఈ చోటును ఎంచుకుంది. 2004 డిసెంబర్‌లో కేంద్రంతో ఒప్పందం, 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 23 నుంచి విమానాల రాకపోకలు. దాదాపు 5,500 ఎకరాలు. జీఎంఆర్ నాయకత్వంలోని ప్రైవేటు సంస్థ దీన్ని కట్టి నడుపుతోంది. కేంద్ర సంస్థ అయిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి, రాష్ట్ర ప్రభుత్వానికి చెరి 13 శాతం వాటా.

ఆ భూములు తీసుకున్న కాలంలో నడిచింది 1894 నాటి భూసేకరణ చట్టం. ఆ చట్టానికి భూమి మీద హక్కున్నవాడే మనిషి. పట్టా ఉన్నవాడికి పరిహారం. ఆ పొలంలో ఇరవై ఏళ్లు కలుపు తీసిన ఆడమనిషికి ఏమీ లేదు. భూమి పోయిందని కాయితం మీద రాస్తారు, పని పోయిందని ఎక్కడా రాయరు. ఆ పని చేసింది ఎక్కువగా ఏ కులాల వాళ్లో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర లేదు.

అసైన్డ్ భూముల కథ ఇంకొకటి. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన ఆ భూముల్ని అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చని పట్టాలోనే షరతు ఉండేది. దాన్ని చూపించి మార్కెట్ ధర ఇవ్వకుండా ఎగ్గొట్టేవాళ్లు. 2004లో చేవెళ్ల ఆర్డీవోకూ మేకల పాండుకూ మధ్య కేసులో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమి ఉన్నవాళ్లకు కూడా పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. రంగారెడ్డి జిల్లా నుంచే పోయిన ఈ కేసు దళితుల భూమి హక్కు చరిత్రలో ముఖ్యమైనది. మన కార్యకర్తలు కంఠతా పట్టాల్సిన తీర్పు.

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం మొదటిసారిగా వ్యవసాయ కూలీలను, కౌలుదార్లను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. సేకరణకు ముందు మూడేళ్ల నుంచి ఆ భూమి మీద బతుకుతూ ఉంటే చాలు. ప్రాజెక్టులో ఉద్యోగాలు పుడితే కుటుంబానికి ఒక ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2 వేల రూపాయలు అని రెండో షెడ్యూలు చెబుతోంది. విమానాశ్రయానికి భూములిచ్చిన తరానికి ఈ చట్టం అందలేదు.

ఇంకో దెబ్బ ఎవరూ అంతగా పట్టించుకోనిది. పల్లె మున్సిపాలిటీ అయితే ఉపాధి హామీ పోతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే. 2025 డిసెంబర్‌లో దాని స్థానంలో తెచ్చిన కొత్త చట్టం కూడా అంతే. 2018లో శంషాబాద్ మున్సిపాలిటీ అయింది. కూలీలు మారలేదు, వాళ్ల ఇళ్లు మారలేదు. పైన బోర్డు మారింది, కింద హక్కు పోయింది.

మరి ఆ కూలీలు నిరుద్యోగులయ్యారా? లెక్క ప్రకారం కాలేదు. వాచ్‌మన్లయ్యారు, అడ్డా కూలీలయ్యారు, హౌస్‌కీపింగ్‌లో చేరారు. తోటలో చేసేవాడూ పనివాడే, టాయిలెట్లు కడిగేవాడూ పనివాడే. ఆ రేటు దృష్టిలో జరిగిందేమీ లేదు.

ఒకే కప్పు కింద రెండు రకాల ఉద్యోగాలు

విమానాశ్రయం లోపలికి పోతే రకరకాల యూనిఫాంలు కనిపిస్తాయి. తుపాకీ పట్టుకున్నది సీఐఎస్ఎఫ్, కేంద్ర బలగం. సామాన్లు తనిఖీ చేసేది కస్టమ్స్. విమానాలకు దారి చూపే కంట్రోలర్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు. ఈ ఉద్యోగాలకు రోస్టర్ ఉంది, ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం రిజర్వేషన్ ఉంది. ఇవి తప్ప మిగతావన్నీ, అంటే టెర్మినల్ నిర్వహణ, చెక్-ఇన్ కౌంటర్లు, సామాను మోత, ట్రాలీలు, శుభ్రత, తోటపని, దుకాణాలు, హోటళ్లు, గోదాములు, ఏవీ రిజర్వేషన్ కిందికి రావు.

బేగంపేట విమానాశ్రయం ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేది. అది స్వర్గమేమీ కాదు. అక్కడా పైకుర్చీల్లో ఎవరున్నారో మనకు తెలుసు, అక్కడా ఊడ్చే పని కాంట్రాక్టుకే పోయింది. అయినా గుమాస్తా, టెక్నీషియన్, ఇంజనీర్ పోస్టులకు ఒక రోస్టర్ ఉండేది, బ్యాక్‌లాగ్ అని అడిగే హక్కు ఉండేది. 2008 మార్చిలో బేగంపేటను మూసేయడానికి వ్యతిరేకంగా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు ఆందోళనకు దిగింది ఊరికే కాదు. ఎయిరిండియాలోనూ ఇదే జరిగింది. 2022 జనవరి 27న అది టాటాల చేతికి పోయింది, దానితోపాటే రోస్టర్ కూడా పోయింది.

రిజర్వేషన్ రద్దు చేస్తామని ఏ పార్టీ అనదు. అనాల్సిన అవసరం లేదు. రిజర్వేషన్ వర్తించే ఉద్యోగాలనే తగ్గించుకుంటూ పోతే చాలు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో 2013 మార్చిలో 17.3 లక్షల మంది ఉంటే 2022 మార్చి నాటికి 14.6 లక్షలకు తగ్గారు. అందులో కాంట్రాక్టు, దినవేతన కార్మికుల వాటా 19 శాతం నుంచి 42.5 శాతానికి పెరిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు పచ్చజెండా ఊపింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ ఎస్సీల 15 శాతాన్ని 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచింది. ముప్పై ఏళ్ల మాదిగ దండోరా పోరాట ఫలం అది, న్యాయమైనది. కాని రొట్టెను న్యాయంగా పంచుకునే వేళకు రొట్టె ఎంత మిగిలిందో కూడా మాల మాదిగలిద్దరూ కలిసి చూసుకోవాలి.

ఊడ్చే పనికి చట్టం ఏం చేసింది

కేంద్ర ప్రభుత్వ సంస్థల భవనాల్లో ఊడ్చే, తుడిచే, కాపలా కాసే పనులకు కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదని 1976 డిసెంబర్ 9న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని పట్టుకుని ఎయిరిండియా కాంట్రాక్టు కార్మికులు కోర్టుకు పోయారు. కాంట్రాక్టు రద్దయిన చోట ఆ కార్మికులను సంస్థే ఉద్యోగులుగా తీసుకోవాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. ఊడ్చేవాళ్లు పర్మినెంట్ కావడానికి దారి తెరిచిన తీర్పు అది. అయిదేళ్లు కూడా నిలవలేదు. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది, 1976 నోటిఫికేషన్‌నే కొట్టేసింది.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఒకటి ఈ కథను పూర్తి చేసింది. సంస్థ ప్రధాన పనుల్లో కాంట్రాక్టు కూలీలు వద్దని అంటూనే, ఏవి ప్రధాన పనులు కావో ఒక జాబితా ఇచ్చింది. పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, సామాను ఎత్తి దించడం, తోటపని, హౌస్‌కీపింగ్ అన్నీ అందులో ఉన్నాయి. ఆ జాబితా చదివితే మన వాడల హాజరు పట్టీ చదివినట్టే ఉంటుంది. ఒకప్పుడు నిషేధించిన కాంట్రాక్టు ఇప్పుడు చట్టం ఒప్పుకున్న కాంట్రాక్టు అయింది.

వీళ్లలో నెలనెలా జీతం వచ్చేవాళ్లను సర్వేలో ‘రెగ్యులర్ జీతగాళ్లు’గానే రాస్తారు. 2017-18లో వ్యవసాయేతర రెగ్యులర్ జీతగాళ్లలో 71.1 శాతం మందికి రాతపూర్వక ఒప్పందం లేదు, దాదాపు సగం మందికి ఏ సామాజిక భద్రతా లేదని అదే సర్వే చెప్పింది. ‘రెగ్యులర్’ అన్న పేరు చూసి మోసపోవద్దు.

చదువుకున్నా తలుపు తెరుచుకోదు

దీనికి జవాబుగా ‘నైపుణ్యం లేదు, శిక్షణ ఇస్తాం’ అంటారు. శిక్షణ మంచిదే. విమానాశ్రయ యాజమాన్యానికి చెందిన ఫౌండేషన్ కూడా అక్కడ శిక్షణ కేంద్రం నడుపుతోంది. విమాన ఇంజన్లను బాగుచేసే సఫ్రాన్ కేంద్రం 2025 నవంబర్ 26న శంషాబాద్‌లో మొదలైంది. సుమారు 1,300 కోట్ల పెట్టుబడి. 2035 నాటికి పూర్తిస్థాయికి చేరితే వెయ్యి మందికి పైగా ఇంజనీర్లు, టెక్నీషియన్లకు పని అని చెప్పారు. పదేళ్లకు వెయ్యి. ఆ వెయ్యిలో చుట్టుపక్కల వాడల పిల్లలు ఎంతమంది ఉంటారో అడగడానికి మాత్రం ఏ చట్టమూ లేదు.

నైపుణ్యం ఉంటే కులం అడ్డురాదు అనేవాళ్లకు ఒక పరిశోధన చూపించాలి. సుఖదేవ్ థొరాట్, పాల్ అట్టెవెల్ 2005 అక్టోబర్ నుంచి 66 వారాలపాటు ఒక ప్రయోగం చేశారు. పత్రికల్లో ప్రైవేటు సంస్థలు ఇచ్చిన 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం. తేడా పేర్లలోనే. కొన్ని అగ్రకుల హిందూ పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ముఖం చూడకముందే, మాట వినకముందే జరిగిన వడపోత ఇది. నిరుద్యోగ రేటులో ఇది ఎక్కడా కనిపించదు.

మనం అడగాల్సినవి

నిరుద్యోగ రేటు ఎంత అన్న ప్రశ్నతో ఆగిపోతే ప్రభుత్వం చెప్పే జవాబుతో మనం ఇరుక్కుంటాం. ‘ఏ పని, ఎవరి కింద, ఏ కాయితం మీద, ఎంత జీతానికి, ఏ కులానికి’ అని అడగాలి. ఇందుకు కొన్ని పనులు మన చేతిలోనే ఉన్నాయి.

ఒకటి. శంషాబాద్ మండలానికి నిరుద్యోగ రేటు ఎంతో లేబర్ ఫోర్స్ సర్వే చెప్పదు. అది నమూనా సర్వే, అంత కిందికి దిగదు. కాని 2024 నవంబర్ నుంచి తెలంగాణ ప్రభుత్వం చేసిన కుల సర్వే ఇంటింటికీ పోయింది, ఉపాధి వివరాలు కూడా అడిగింది. ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని జనాభా లెక్క చెప్పి ఊరుకుంటే సరిపోదు. మండలాల వారీగా, కులాల వారీగా ఎవరు ఏ పనిలో ఉన్నారో పట్టికలు బయటపెట్టాలి. 2027 జనగణనలో కులాన్ని లెక్కిస్తామన్న కేంద్రాన్ని కూడా ఇదే అడగాలి.

రెండు. విమానాశ్రయం ప్రజల భూమి మీద ఉంది, అందులో రాష్ట్రానికీ కేంద్రానికీ వాటా ఉంది. కాబట్టి అక్కడి కాంట్రాక్టర్లందరి దగ్గర ఎంతమంది, ఏ కులం, ఏ ఊరు, ఏ జీతం అన్న వివరాలు ఏటా ప్రకటించాలని అడిగే హక్కు మనకుంది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ అనే పెద్ద డిమాండుకు ఇది మొదటి మెట్టు. లెక్క లేనిదే వాటా ఉండదు.

మూడు. కొత్తగా ఎక్కడ భూసేకరణ నోటీసు వచ్చినా, పట్టాదార్ల జాబితాతోపాటు కూలీల జాబితా, కౌలుదార్ల జాబితా గ్రామసభలో చదవాలని పట్టుబట్టాలి. 2013 చట్టం ఆ హక్కు ఇచ్చింది. అడగనివాళ్లకు అది కాయితం మీదనే ఉంటుంది.

నాలుగు. సర్వే ఉద్యోగి మన ఇంటికి వచ్చినప్పుడు ఏం చెప్పాలో కూడా మనవాళ్లకు తెలియాలి. పని కోసం చూస్తున్న పిల్లగాడి గురించి ‘ఊకనే ఉంటడు’ అనకూడదు. ‘పని వెతుకుతున్నడు, దొరకలే’ అని చెప్పాలి. డబ్బాలో కూర్చునే కోడలు చేసేది పని అని చెప్పాలి, జీతం లేదని కూడా చెప్పాలి. టీచర్లు ఈ సంగతిని తరగతిలో చెప్పవచ్చు. పైన ఇచ్చిన ఇంటి లెక్కను పిల్లలు తమ తమ ఇళ్లకు కట్టి చూసుకోవచ్చు. అట్లా పది వాడల లెక్కలు పోగైతే ఢిల్లీ నుంచి వచ్చిన అంకె పక్కన పెట్టి మాట్లాడడానికి మన అంకె ఒకటి ఉంటుంది.